మృదంగం మీద మొదటి నాలుగు దెబ్బలు: విజయదశమి నుంచి వానాకాలం దాకా నా అనుభవం

2024 అక్టోబరు 12న, విజయదశమి నాడు, విజయవాడలో మృదంగం పాఠం మొదలైంది. ఆ రోజు చెప్పింది నాలుగే దెబ్బలు: త, ది, తొం, నం. ఆ నాలుగూ ఒకదాన్నొకటి మింగకుండా, ఏది ఏదో వినేవాళ్లకు తెలిసేలా పలకడానికి ఉగాది వచ్చింది. వారానికి రెండు క్లాసులు, ఇంట్లో రోజూ ముప్పావు గంట సాధన చేస్తే పట్టిన కాలం అది. ఉద్యోగం చేసుకుంటూ పెద్ద వయసులో మొదలుపెట్టేవాళ్లకు ఇంచుమించు ఇంతే పడుతుందని గురువుగారు ముందే చెప్పారు. పిల్లలకు వేళ్లు త్వరగా లొంగుతాయి, పెద్దవాళ్లకు లెక్క త్వరగా ఎక్కుతుంది. నాదం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకేచోట ఆగిపోతారు.

ఫీజు నెలకు రూ. 1,500. మొదటి రోజు తాంబూలం, పండ్లు, దక్షిణ వేరు. మృదంగం మాత్రం వెంటనే కొననివ్వలేదు. కొన్ని వారాలు క్లాసులో ఉన్నదాని మీదే కూర్చోబెట్టి, కాళ్లు కుదురుతున్నాయో లేదో, ఏ శృతిలో పాడేవాళ్లతో వాయించే అవకాశం ఉందో చూసి, అప్పుడు ఆర్డరు ఇమ్మన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సలహా లేదు. మృదంగం పొడవు శృతిని బట్టి మారుతుంది. హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటి, ఒకటిన్నర లాంటి తగ్గు శృతికి 24 అంగుళాల దరిదాపు కర్ర, అంటే మృదంగం గుల్ల, కావాలి. ఐదు, ఐదున్నర లాంటి హెచ్చు శృతికి 22 అంగుళాల దరిదాపు చాలు. చేతిలో పట్టేలా ఉందని పొట్టిది తెచ్చుకుని తగ్గు శృతికి దించితే మూత, అంటే వాయించే తోలు ముఖం, వదులై నాదం చస్తుంది. పొడుగుదాన్ని హెచ్చు శృతికి లాగితే తోలు చిరుగుతుంది.

అక్టోబరు చివర ఆర్డరు ఇస్తే డిసెంబరు మొదటి వారంలో చేతికి వచ్చింది. పనస కర్ర, తోలు వార్లతో బిగించినది, రూ. 16,000. శృతి చేసుకునే రాయి, పుల్ల దాంతోపాటే ఇచ్చారు. కవరు రూ. 900. వార్ల బదులు నట్లు, బోల్టులతో బిగించే మృదంగాలూ దొరుకుతాయి, స్పానరుతో శృతి చేసుకోవచ్చు. ఫైబరు గుల్లతో చేసినవి తేలిక కూడా. చెవి తయారవ్వాలంటే రాయితో శృతి చేయడం రావాలన్నది గురువుగారి పట్టు, అందుకే వార్లది. కానీ దగ్గర్లో మరమ్మతు చేసేవాళ్లు లేని ఊళ్లలో, విదేశాల్లో ఉండి వీడియో పాఠాలు నేర్చుకునేవాళ్లకు నట్టుబోల్టుదే మేలని నా అభిప్రాయం. శృతి కుదరని వాయిద్యం మీద ఎంత సాధన చేసినా తప్పు నాదమే చెవికి అలవాటవుతుంది.

వాయిద్యం కోసం ఎదురుచూసిన ఆ నెలంతా పని నోటికే. చేత్తో ఆదితాళం వేస్తూ త-ది-తొం-నం చెప్పడం. తాళంలో ఎనిమిది లెక్కలు. మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, లెక్కకు ఒక జతి (నోటితో చెప్పే ఒక అక్షరం), అంటే ఒక ఆవర్తంలో (తాళం ఒక చుట్టులో) నాలుగు జతుల వరస రెండుసార్లు వస్తుంది. రెండో కాలంలో నాలుగుసార్లు, మూడో కాలంలో ఎనిమిదిసార్లు. మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టి, మూడు కాలాలూ ఎక్కి మళ్లీ దిగాలి. ఎక్కడం కన్నా దిగడం కష్టం. మూడో కాలం నుంచి రెండోదానికి వచ్చేటప్పుడు నోరు ముందుకు పరిగెడుతుంది. నోరు ఎక్కడ తడబడుతుందో తర్వాత చేతులూ అక్కడే తడబడతాయి, ఇది అక్షరాలా నిజం. ఈ వ్యవధిలో బల్లల మీద, స్టీలు డబ్బాల మీద కొట్టొద్దని గట్టిగా చెప్పారు. తోలు వేలిని తిరిగి పైకి తోస్తుంది, చెక్క తొయ్యదు. చెక్క మీద అలవాటైన వేలు బిగుసుకుపోతుంది, ఆ బిగువు వదిలించడానికి మళ్లీ నెలలు పడుతుంది.

కూర్చోవడం గురించి ఎవరూ ముందు చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. బాసిపట్లు వేసుకుని, కుడికాలు కాస్త ముందుకు చాపి, కుడి మూత వైపు కొస కుడి చీలమండ మీద ఆనేలా, ఎడమ వైపు ఎడమ తొడకు ఆనుకునేలా పెట్టాలి. పది కిలోల దరిదాపు బరువు చీలమండ ఎముక మీద పడితే కాసేపటికే పాదం తిమ్మిరెక్కుతుంది. పాత పంచె చింపి చుట్టకుదురు చుట్టి మృదంగం కింద పెడితే బరువు కొంత నేలకు దిగుతుంది. కుడి మూత కొద్దిగా పైకి, బయటికి తిరిగి ఉండాలి. నేలకు సమాంతరంగా ఉంటే కుడి మణికట్టు వంకరగా వంగాల్సి వస్తుంది, నొప్పి మోచేతి దాకా పాకుతుంది. భుజాలు లేస్తున్నాయేమో అద్దంలో చూసుకోవాలి. భుజం లేచిందంటే దెబ్బ మణికట్టు నుంచి కాక చేతి బరువుతో పడుతోందని గుర్తు.

ఎడమచేతి వాటం వాళ్లు అటూ ఇటూ మార్చి పెట్టుకోవచ్చు. పళని సుబ్రమణ్య పిళ్లై గారు అలాగే వాయించి మృదంగంలో ఒక బాణీకే పెద్దదిక్కయ్యారు. అందుకని మొదట్లోనే గురువుకు చెప్పాలి. మధ్యలో మార్చుకోవడం చాలా కష్టం.

ఎడమ మూతకు ప్రతిసారీ రవ్వ పెట్టాలి. బొంబాయి రవ్వ సన్నది, గుప్పెడు, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కన్నా కొంచెం మెత్తగా తడిపి పది నిమిషాలు నానబెట్టాలి. తోలు మధ్యలో తడిచేత్తో ఒకసారి రాసి, నిమ్మకాయంత ముద్ద తీసుకుని, మూడు అంగుళాల బిళ్లగా అద్దాలి. మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా. ఎక్కువ పెట్టేకొద్దీ శృతి దిగుతుంది, తగ్గించేకొద్దీ ఎక్కుతుంది. కుడి మూత శృతికి కింది స్థాయి షడ్జం (స) వచ్చేదాకా చిటికెడు చిటికెడు చేర్చడమో తీయడమో చేయాలి. ముద్దలో నీళ్లు ఎక్కువైతే వేళ్లకు అంటుకుని ఊడి వస్తుంది, తక్కువైతే వాయిస్తుండగానే అంచులు లేస్తాయి. ఫ్యాను కింద, ఏసీ గదిలో త్వరగా ఎండుతుంది. అరగంటలో ఎడమ మూత మోత తగ్గి టకటకలాడుతోందంటే చేతిలో లోపం వెతకక్కర్లేదు, వేలితో నాలుగు చుక్కల నీళ్లు అద్దితే చాలు. సాధన అయ్యాక చెంచా వెనకవైపుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి కవరు తొడగాలి. రవ్వ అలాగే వదిలేస్తే ఎండి తోలును గుంజుతుంది, చీమలు పడతాయి, ఎలుకలు తోలుతో సహా కొరుకుతాయి. ఈ తయారీకి, తుడవడానికి కలిపి పావుగంట పోతుంది. ముప్పావు గంట సాధన అంటే రోజులో గంట కేటాయించుకోవాలన్నమాట.

ఇక దెబ్బలు. బాణీని బట్టి ఒకే జతికి చేతులు, వేళ్లు మారతాయి. ఇక్కడ రాసేది నేను నేర్చుకుంటున్న పద్ధతి: త ఎడమ, ది కుడి, తొం ఎడమ, నం కుడి.

త మూసిన దెబ్బ. ఎడమచేతి నాలుగు వేళ్లూ సందు లేకుండా కలిపి మూత మధ్యలో వేసి, అక్కడే ఉంచాలి. వేళ్లు ఎగిరితే సగం తెరిచిన మోత వస్తుంది, అది 'త'కూ 'తొం'కూ మధ్య ఎటూ కానిది. ది కుడిచేతి మధ్య, ఉంగరం, చిటికెన వేళ్లు మూడూ కలిపి కరణి, అంటే కుడి మూత మధ్య ఉండే నల్లటి బిళ్ల, నడుమ వేయాలి. చిటికెన వేలు ఒక తృటి ఆలస్యంగా పడుతుంది అందరికీ. దాన్ని గుర్తుపట్టడం తేలిక, ఒక శబ్దం బదులు రెండు వినిపిస్తాయి. మూడు వేళ్లనూ పలచటి రబ్బరు బ్యాండుతో వదులుగా కలిపి కాసేపు వాయిస్తే ఆ తేడా పోతుంది. గోళ్లు ఎప్పుడూ కత్తిరించి ఉండాలి, వేలికొనలతో పొడిస్తే కరణి పెచ్చులు లేస్తుంది. ఈ రెండు దెబ్బలూ డిసెంబరు చివరికి దారిలో పడ్డాయి.

తొం సంక్రాంతి దాటాక గానీ రాలేదు. ఎడమచేతి నాలుగు వేళ్లూ కలిపి, మూత పైఅంచు దగ్గర, రవ్వకు తగలకుండా కొట్టి, తగిలీ తగలగానే లేపాలి. మోత కొట్టడం వల్ల రాదు, వదలడం వల్ల వస్తుంది. ఎంత బలంగా కొట్టినా వేళ్లు తోలు మీద ఒక క్షణం ఎక్కువ ఉంటే దాని కంపనాన్ని అవే ఆపేస్తాయి. పైగా మోత రావడం లేదని ఇంకా గట్టిగా కొడతాం, గట్టిగా కొట్టేకొద్దీ వేళ్లు ఇంకా బిగుస్తాయి. దీనికి గురువుగారు చేయించిన సాధన: పది నిమిషాలు తొం ఒక్కటే, లెక్కకు ఒకటి, వినపడీ వినపడనంత మెల్లగా. మెల్లగా కొట్టినా మోత నాలుగు లెక్కల దాకా సాగితే చెయ్యి సరిగ్గా లేస్తున్నట్టు. సాగకపోతే మణికట్టు అడుగుభాగం మూత అంచును నొక్కుతోందేమో చూడాలి, చాలాసార్లు కారణం అదే. తొం కొట్టి అరచేతి మడమతో తోలును నొక్కి జరిపితే వచ్చే గుంకి వినడానికి ఎంతో బాగుంటుంది, చెయ్యి దానివైపే పోతుంది. తొం శుభ్రపడేదాకా గుంకి ముట్టుకోవద్దన్నారు. నొక్కే అలవాటు ముందే వస్తే వదిలే అలవాటు రాదని ఆయన కారణం. నాకిది పూర్తిగా సబబనిపించింది.

నం అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు దాదాపు దీనికే పోయాయి, విసుగు కూడా అప్పుడే ఎక్కువ. ఉంగరం వేలి కొన కరణి అంచు మీద ఆనీ ఆననట్టు ఉంచాలి. మధ్యవేలు, చిటికెన వేలు గాల్లో. చూపుడు వేలితో, మొదటి రెండు కణుపుల మధ్య మెత్తటి భాగంతో, మీటు మీద, అంటే మూత అంచున ఉండే తోలు పట్టీ మీద, కొట్టి లేపాలి. గంటలా ఖణీమనే నాదం రావాలి. రాకపోతే వచ్చే శబ్దాన్ని బట్టే లోపం తెలుస్తుంది, అందుకే ఇవి గుర్తుపెట్టుకోవడం మంచిది. టిక్ మని పొడిగా వస్తే ఉంగరం వేలు ఎక్కువ నొక్కుతోంది. కింద ఒక బొంగురు మోత కలిసి వస్తే ఉంగరం వేలు అసలు ఆనడం లేదు. నాదం ఉన్నా మొద్దుగా ఉంటే చూపుడు వేలు మీటు దాటి లోపలికి పడుతోంది. శబ్దం బాగానే ఉండి వేలి మొదట్లో ఎముక నొప్పి పెడితే చెయ్యి మరీ బయటికి వచ్చి కర్ర అంచును తాకుతోంది. ఈ చివరిదాన్ని ఓర్చుకుని సాధన చేయకూడదు, వాపు వస్తే వారం పది రోజులు మృదంగం ముట్టలేం.

ఉంగరం వేలు ఎందుకు ఆనాలో తెలిస్తే చెయ్యి త్వరగా దారికి వస్తుంది. ఇనుప ఖనిజం ఉన్న నల్ల రాతిపొడి, అన్నం కలిపి పొరలు పొరలుగా రుద్దిన ఆ కరణి బరువు వల్లే ఈ తోలుకు శృతి అమరుతుంది. మామూలు తోలు డప్పులో పుట్టే స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు; కరణి ఉన్న మూతలో మాత్రం మొదటి కొన్ని స్వరాలు తీగలో లాగే ఒకటి, రెండు, మూడు అనే వరసలో కుదురుతాయి. సి.వి. రామన్ గారు 1920లో ఒకసారి, 1934లో మరింత వివరంగా దీన్ని రాశారు. ఉంగరం వేలు ఆనినప్పుడు అట్టడుగు స్వరం అణగి, దాని పైది తేటగా బయటికి వస్తుంది. అంటే ఆ వేలు పని తోలును ఆపడం కాదు, ఒక్క స్వరాన్ని ఆపి ఇంకోదాన్ని వదలడం. దానికి ఈక బరువు చాలు. ఈ సంగతి అర్థమయ్యాక బలం తగ్గించి వినడం మొదలుపెట్టాను. మార్చి నెల మధ్యలో, తంబూర యాప్ మోగుతుండగా, నం దాని షడ్జంలో కలిసి విడిగా వినపడకుండా పోయింది. ఆ పూట కలిగిన సంతోషం ఇంతకాలం పడ్డ విసుగుకు సరిపోయింది. మర్నాడు మళ్లీ రాలేదు, ఇది మామూలే. రోజులో సగం నంలు పలకడం మొదలయ్యాక నికరం కావడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది.

నం సరిగ్గా రాకపోవడానికి చెయ్యి కాక శృతి కారణం కావచ్చు. కుడి మూత చుట్టూ పదహారు కన్నులు, అంటే వార్లు దూరే చోట్లు, ఉంటాయి. ఒక్కో కన్ను దగ్గర మీటు మీద కొట్టి వినాలి, అన్నీ ఒకే స్వరం చెప్పాలి. ఒకచోట దిగి ఉంటే అక్కడ అంచున అల్లిన తోలు మీద పుల్ల ఆనించి రాయితో పైనుంచి కిందికి, అంటే మృదంగం నడుము వైపు, కొడితే శృతి ఎక్కుతుంది. ఎదురు దిశలో కొడితే దిగుతుంది. ఒక కన్ను, తర్వాత దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న కన్ను, ఇలా అడ్డంగా పోవాలి. వరసగా చుట్టూ కొట్టుకుంటూ పోతే మూత ఒక పక్కకు గుంజుకుంటుంది. దెబ్బలు చిన్నవిగా, రెండు మూడేసి మాత్రమే. నెలల తరబడి ఇది గురువుగారే చేసి ఇచ్చారు, ఉగాది తర్వాతే రాయి నా చేతికి ఇచ్చారు. కొందరు మూత లోపలి తోలుకూ పై పట్టీకీ మధ్య చీపురుపుల్ల ముక్కలు దూర్చి నాదం పదును చేస్తారు. మొదలుపెట్టేవాళ్లు అడగకుండా వాటిని కదపకూడదు.

నాలుగూ విడివిడిగా పలికినా, కలిపి వాయించినప్పుడు మొదటి కాలంలో నం సాగి తర్వాతి 'త'ను మింగుతుంది, రెండో కాలంలో తొం పొట్టిదైపోతుంది. దీనికి మందు వేగం తగ్గించడం ఒక్కటే. 60 దగ్గర రెండో కాలం శుభ్రంగా రాకపోతే 50కి దిగాలి. గురువుగారు మూడో కాలాన్ని ఏప్రిల్ దాకా చేతికి ఇవ్వలేదు, నోటితోనే చెప్పించారు. సాధనను ఫోనులో రికార్డు చేసి మర్నాడు వినడం చాలా ఉపయోగపడింది. వాయిస్తున్నప్పుడు చెవి దగ్గర అన్నీ బాగానే ఉన్నట్టుంటుంది; రికార్డులో ఎడమ కుడికన్నా ఎంత బలహీనంగా ఉందో తేటతెల్లం. చాలామందికి ఎడమే బలహీనం. వారంలో ఒక రోజు మొత్తం ఎడమచేతికే ఇవ్వాలి.

ఎండాకాలంలో మూతలు బిగిసి శృతి ఎక్కింది. జులైలో వానలు పడ్డాక దిగి, ఎంత కొట్టినా నిలవలేదు. అప్పటికే కరణి నడుమ, ది పడే చోట, పెచ్చులు లేచాయి. కరణి మీద సన్నటి పగుళ్లు మొదటినుంచీ ఉంటాయి, అవి ఉండాల్సినవే, కంగారు పడక్కర్లేదు. పొడి రాలుతూ గుంట కనిపిస్తేనే మార్చాలి. కుడి మూత మార్పించడానికి రూ. 2,500, వారం పైగా ఎదురుచూపు. వానాకాలంలో అందరి మూతలూ ఒకేసారి వస్తాయి కాబట్టి తయారీదారు దగ్గర వరస పెద్దదిగా ఉంటుంది, జూన్‌లోనే ఇచ్చేస్తే త్వరగా అవుతుంది. ఎడమ మూత ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. కొత్త మూత మొదటి కొన్ని రోజులు సాగుతూ ఉంటుంది, ఒక్క సాధనలోనే శృతి రెండుసార్లు దిగుతుంది. దాన్ని ఒకేసారి పూర్తి శృతికి లాగకుండా అర శృతి కింద ఉంచి వాయిస్తూ, రోజుకు కొంచెం ఎక్కించమన్నారు. ఆ రోజుల్లో నం పెట్టకుండా త, ది, తొంల మీదే ఉండి, తకదిమి, తదిగినతొం పాఠాలు నోటితో మొదలుపెట్టాం.